కొక్కేనికి ఒక రాత్రి

టేపక్క కుట్టు కొట్టులో ఒక నియమం ఉంది. బట్టను ఐమూలగా కత్తిరించి కుట్టిన గౌను ఎవరిదైనా సరే, కింది అంచు మడిచే ముందు ఒక రాత్రంతా కొక్కేనికి వేలాడాల్సిందే. ఐమూల బట్ట మొండిది. కుట్టిన రోజున బుద్ధిగా ఉన్నట్టే కనిపిస్తుంది. తెల్లారేసరికి తన బరువుకి తనే సాగి, ఒకపక్క దిగిపోయి, ఇంకోపక్క పైకి నిలిచి అసలు గుణం బయటపెడుతుంది. అప్పుడు సరిచేసి మడిస్తే ఇక కదలదు. తొందరపడి ముందే మడిచారా, అంతే సంగతులు.

"సాయంత్రమే ఫంక్షను, ఇప్పుడే ఇచ్చెయ్యక్కా" అని కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళున్నారు. పెళ్ళి ఆగిపోతుందని బెదిరించిన పెళ్ళికూతురి తల్లి కూడా ఉంది. టేపక్క మెడలో టేపు సవరించుకుని, "పెళ్ళి సంగతి నాకు తెలీదమ్మా, అంచు మాత్రం వంకరపోదు" అని పంపేసింది. ఆ టేపు వల్లే ఆ పేరు వచ్చింది. పడుకునేటప్పుడు తప్ప మెడలోంచి తీయదు. ఆవిడకి అసలు పేరొకటి ఉందన్న సంగతి వీధిలో సగంమందికి తెలియదు, మిగతా సగం మరిచిపోయారు. కట్టుకున్నవాడు కూడా "ఏయ్ టేపూ" అనే పిలుస్తాడు. ముద్దుకే అనుకోండి.

ఇంత నిదానం గల మనిషి ఫోను చేతికి వస్తే మాత్రం అర నిమిషం ఆగలేదు. మధ్యాహ్నం కొట్టు ఖాళీ అయిన వేళ మొదలయ్యేది. వేలితో బొమ్మలు జరుపుకుంటూ పోయేది. దీపాలు, దిండ్లు, కత్తెరలు, అద్దాలు. 'ఇంకా కొన్నే మిగిలాయి' అని ఫోను చెప్పగానే ఆవిడకి గుండె దడ పట్టుకునేది, ఆ కొన్నీ ఎవరో ఎత్తుకుపోతున్నట్టు. నొక్కేసేది. నొక్కిన ఆ క్షణం ఉంది చూశారూ, ఉక్కపోతలో కిటికీ తెరిచినట్టుండేది. పార్సిలు వచ్చేదాకా ఎదురుచూడటానికి ఏదో ఉండేది. వచ్చిన పెట్టె మీద ఆవిడ అసలు పేరు ఇంటిపేరుతో సహా అచ్చువేసి ఉండేది.

పెట్టె చేతిలో పడగానే ఆ హుషారంతా నీరుకారిపోయేది. విప్పితే లోపల ఉన్నది వట్టి దీపమని తేలిపోతుంది కదా! అందుకని విప్పేది కాదు. తీసుకెళ్ళి ఇంట్లో వెనక గదిలో పెట్టి తాళం వేసేది. తాళంచెవి బొత్తాల డబ్బాలో దాచేది. "కస్టమర్ల ఖరీదైన బట్టలు, దుమ్ము పడకూడదు" అని మొగుడితో చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పగలంతా తీగలకీ గోడలకీ మధ్య వేళ్ళాడి ఇంటికొచ్చేసరికి, పెళ్ళాం ఏం చెబితే అది నమ్మే స్థితిలో ఉండేవాడు. ఆవిడ కుట్టుకూలి ఆవిడ చేతిదే, ఏం చేశావని ఏనాడూ అడిగిన మనిషి కాదు. ఆ నమ్మకమే ఆవిడ గొంతులో ముల్లులా ఉండేది.

రేపట్నుంచి కొననని ఒట్టుపెట్టుకోని రోజు లేదు. ఫోనులోంచి ఆ షాపులన్నీ పొద్దున్నే తీసేసేది, మధ్యాహ్నానికి మళ్ళీ పెట్టుకునేది. వెనక గది తలుపు తెరిచి ఆ గుట్టలు చూస్తే సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. ఆ సిగ్గు తట్టుకోలేక మళ్ళీ ఫోను తీసేది. ఆ ఫోను పెట్టిన చిచ్చుకి ఆ ఫోనే మందనుకుంది, పిచ్చిది.

ఆ గది అసలు ఇంకొకరిదని చెప్పడం మరిచాను. మొగుడి అక్క కూతురికి, అంటే ఆవిడ కోడలుపిల్లకి, ఈ ఊరి సంగీతం కాలేజీలో సీటొచ్చింది. హాస్టల్లో ఉంటే గొంతెత్తి సాధన చేయనివ్వరు. ప్రస్తుతానికి స్నేహితురాలి ఇంట్లో సర్దుకుంటోంది, అక్కడ పక్కింటివాళ్ళు గోడ కొడతారట. నోరుమూసుకుని కూర్చుంటే పాటెలా వస్తుంది? "మా వెనక గది నీదేనే, తలుపేసుకుని నీ ఇష్టమొచ్చినంత పాడుకో" అని ఫోన్లో మాటిచ్చింది టేపక్కే. ఇచ్చినప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చింది. నెలలు గడిచిపోయాయి. ఖాళీ చేద్దామని తలుపు తీసిన ప్రతిసారీ ఇంకో పెట్టె లోపలికి వెళ్ళింది తప్ప ఒక్కటీ బయటకి రాలేదు. ఆ పిల్ల సామానుతో దిగే రోజు మాత్రం దగ్గరకొచ్చేసింది.

శనివారం మధ్యాహ్నం కోడలుపిల్ల గౌను కోసం కొట్టుకొచ్చింది. సోమవారం కాలేజీలో కొత్త పిల్లలందరూ ఒక్కో పాట పాడాలి. దానికోసం టేపక్క నీలంరంగు ఐమూల గౌను కుట్టింది. పొద్దున్నే కుట్టు పూర్తయింది, కొక్కేనికి తగిలించడమే తరువాయి. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. పార్సిలు ఇంటికి బయల్దేరిందట. ఆ రోజు మొగుడు నడుంనొప్పని ఇంట్లోనే ఉన్నాడు!

గౌను లేకుండా పంపితే ఆ పిల్ల తన వెంటే ఇంటికొచ్చి గది చూస్తానంటుందని టేపక్కకి భయం పట్టుకుంది. గౌను మిషను మీదకి లాగి, అంచు కత్తిరించి, మడిచి గడగడా కుట్టేసి పిల్ల చేతిలో పెట్టింది.

"ఇప్పుడే ఇచ్చేస్తున్నావా అత్తా?" అని ఆ పిల్ల తెల్లబోయింది.

"నువ్వు మనింటి పిల్లవి, నీకు ఆలస్యం చేస్తానా ఎక్కడైనా! పద పద, నాకు పనుంది."

కొట్టు మూసి పరుగెత్తింది. గేటు దగ్గరే పార్సిలు పట్టుకుని, పెరటి దారిన వెళ్ళి గదిలో పడేసి తాళం వేసింది. పప్పులో కాలేశానని ఆవిడకి తెలుసు. తన చేత్తో తన నియమం తనే తప్పింది, అదీ ఆ పిల్ల దగ్గర. తెలియనట్టు వెళ్ళి మొగుడి నడుముకి వేడినీళ్ళ సంచి పెట్టింది.

ఆదివారం సాయంత్రం కోడలుపిల్ల ఒక చేత్తో సామాను పెట్టె, ఇంకో చేతి మీద గౌనుతో గుమ్మంలో ప్రత్యక్షమైంది. నేరుగా లోపలికెళ్ళి గౌను తొడుక్కుని వచ్చి హాల్లో నిలబడింది. ఎడమపక్క అంచు నేల ఊడుస్తోంది, కుడిపక్క చీలమండ కనిపిస్తోంది.

"బాగానే ఉందిగా!" అన్నాడు మామయ్య. లిఫ్టు అంగుళం తేడాలో ఆగితే ఇంటికి రాని మనిషి!

"మామయ్యా, నువ్వుండు. అత్తా, ఇది కొక్కేనికి వేలాడలేదు కదూ?" ఆ పిల్ల గొంతులో కోపం లేదు, అదే టేపక్కని ఎక్కువ బాధపెట్టింది. "చిన్నప్పుడు సెలవలొస్తే నీ కొట్టులో ఆ గౌన్ల కిందే కూర్చుని ఆడుకునేదాన్ని. ఎంత గొప్పవాళ్ళొచ్చి అడిగినా నువ్వు ఇలా ఇవ్వవు. నీకేమైందత్తా?"

టేపక్క మోకాళ్ళ మీద కూర్చుని వంకరపోయిన అంచుని టేపుతో కొలిచింది.

"సరేలే, అంచు విప్పేసి ఈ రాత్రికి నా గదిలో తగిలిద్దాం. పొద్దున్నే సరిచేద్దువు" అని ఆ పిల్ల వెనక గది వైపు నడిచింది. "తాళమేదీ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. తాళంచెవి పోయిందనొచ్చు, కస్టమరు తీసుకెళ్ళిందనొచ్చు. కానీ ఆ పిల్ల గౌను కుచ్చెళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని, నా గది అంటూ ఆ తలుపు ముందు నిలబడింది. టేపక్క బొత్తాల డబ్బా బోర్లించి, తాళంచెవి ఏరి, తలుపు తనే తెరిచింది.

పైనున్న పెట్టె ఒకటి జారి మామయ్య కాలి మీద పడింది. ఆయన కుంటుతూనే లోపలికి తొంగిచూశాడు. నేల నుంచి కిటికీ మూసుకుపోయేదాకా పెట్టెలే. ఒకటి తీసి మీదున్న పేరు చదివాడు. ఇంకోటి తీశాడు, ఇంకోటి తీశాడు.

"అన్నీ నీవే?"

"నావే."

"ఎప్పట్నించి?"

"ఏమో. ఆపుదామనుకున్నప్పట్నుంచీ మరీ ఎక్కువైంది."

"నాకు ఒక్క ముక్క చెప్పొచ్చుగా! రోజూ ఈ తలుపు ముందునుంచే తిరుగుతున్నానే నేను."

"చెబితే ఆపాల్సొస్తుందిగా" అంది టేపక్క. ఇన్నాళ్ళలో ఆవిడ ఆ సంగతి గురించి చెప్పిన మొదటి నిజం అదే. చెప్పి గడపమీద కూలబడి, ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

కోడలుపిల్లకి ఏం చెయ్యాలో తోచక, ఒళ్ళోకి ఓ పెట్టె లాక్కుని విప్పింది. లోపలినుంచి పసుపుపచ్చ వానకోటు బయటపడింది. టోపీ ఉంది. తోకకి చిల్లు కూడా ఉంది.

"అత్తా, ఇది కుక్కదే!"

"మనకి కుక్క ఉందా?" అన్నాడు మామయ్య అనుమానంగా, తనకి తెలియనివి ఇంట్లో ఇంకేమున్నాయో అన్నట్టు.

టేపక్కకి ఏడుపులోనే నవ్వు తన్నుకొచ్చింది. ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆయన నడుంనొప్పి మరిచి పెట్టెలు హాల్లోకి చేరవేయడం మొదలుపెట్టాడు. అయితే ఆ రాత్రి ఆయన భోజనం దగ్గర మాట్లాడలేదు. ఆయనకి కోపం కొన్నందుకు కాదు, దాచినందుకు. అది తగ్గడానికి చాలా రోజులే పట్టింది, పట్టాలి కూడా. నీలం గౌను మాత్రం ఆ గదిలో కిటికీ కొక్కేనికి వేలాడింది. పొద్దున్నే అంచు సరిచేస్తే పొడుగు కాస్త తగ్గింది. "చెప్పులు కనిపిస్తాయి, మంచిదేలే" అని ఆ పిల్ల కాలేజీకి పరుగెత్తింది.

తిప్పి పంపగలిగినవి పంపేశారు, మిగతావి పంచిపెట్టారు. వానకోటు ఎదురింటి కుక్కకి సరిపోయింది. అంతటితో అయిపోతే ఇది కథే కాదు. గది ఖాళీ అయింది గానీ వేలు దురద తగ్గలేదు. కోడలుపిల్ల పోరి పోరి ఆసుపత్రిలో మాటలతో వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ తిట్టలేదు, నీతులు చెప్పలేదు. "కొనాలనిపించేముందు ఏం జరుగుతోందో చూస్తూ ఉండండి" అంది.

టేపక్క చూసింది. ఎవరో వచ్చి కొత్త గౌను తొడుక్కుంటారు, అద్దం ముందు గిర్రున తిరుగుతారు, ఎంత బాగుందో అని వాళ్ళలో వాళ్ళే మురిసిపోతారు, వెళ్ళిపోతారు. కొట్టులో గుడ్డపేలికలతో తనొక్కతే మిగులుతుంది. చెయ్యి ఫోను మీదకి పోయేది సరిగ్గా అప్పుడే. కావలసింది దీపాలూ దిండ్లూ కాదు, ఎవరైనా తన పేరు రాసి తనకోసం ఏదైనా పంపడం. పంపేవాళ్ళు లేక తనకి తనే పంపుకుంది. ఈ సంగతి తెలిశాక ఆవిడకి తనమీద అసహ్యం పోయి జాలి వేసింది. జాలితో కొంచెం పని జరుగుతుంది, అసహ్యంతో ఏమీ జరగదు.

మందు మాత్రం ఆవిడ కొట్టులోనే దొరికింది. కుట్టిన ప్రతి బట్టకీ ఎవరిదో తెలియడానికి పేరు రాసిన చీటీ గుచ్చుతుంది కదా. ఒక మధ్యాహ్నం ఏదో అద్దం మీద మనసు పడింది. వేలు ఆపి, చీటీ మీద 'అద్దం' అని రాసి, కింద తన అసలు పేరు రాసి ఖాళీ కొక్కేనికి గుచ్చింది. ఐమూల బట్టకున్న నియమమే దీనికీ. కొనొద్దని ఎవరూ అనలేదు. ఒక్క రాత్రి వేలాడాలి, అంతే. పొద్దున్న వచ్చి చూస్తే ఆ చీటీ ముందురోజు అంత బిగువుగా లేదు. ఆ అద్దం ఎందుకు కావాలనుకుందో గుర్తే రాలేదు. చీటీ పీకేసి, అదే మడతపెట్టి మిషను కాలి కింద పెట్టింది, మిషను ఊగకుండా ఉంటుందని.

అన్ని చీటీలూ అలా ఊడిరాలేదు. ఒకటి తెల్లారాక కూడా గట్టిగా నిలబడింది, మంచి ఇస్త్రీపెట్టె. దాన్ని కొని, ఆ సాయంత్రమే విప్పి వాడింది. మధ్యలో ఒకసారి టేపక్క పాత దారిలోకి జారిపడింది కూడా. చీటీ గీటీ లేకుండా నొక్కేసింది. ఈసారి పెట్టె దాచలేదు. హాల్లో బల్లమీద పెట్టి, "నేనే, తప్పయింది" అంది. మొగుడు చూసి, "సరే, రేపు తిప్పి పంపుదాం. నేనూ వస్తా" అన్నాడు. ఆ 'నేనూ వస్తా' విన్నాక టేపక్కకి చాలా రోజుల తర్వాత అన్నం సయించింది.

సంవత్సరం చివర కాలేజీలో పెద్ద సభ జరిగింది. కోడలుపిల్ల అదే నీలం గౌనులో పాడింది. ఏడాదంతా ఆ వెనక గదిలో సాధన చేసిన గొంతు అది. హాలు చివరి వరుసదాకా మోగింది. అంచు ఎక్కడా వెంట్రుకవాసి వంకర లేదు. టేపక్క పాట సగం విన్నది, సగం అంచు చూసింది. చప్పట్లు ఆగాక ఆ పిల్ల మైకు దగ్గరికొచ్చి, "ఈ గౌను కుట్టి, నాకు పాడుకోవడానికి గది ఇచ్చిన మా అత్త..." అని ఆగి, టేపక్క అసలు పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది.

టేపక్క ఎవరినో పిలిచారనుకుని ముందు పక్కకి చూసింది. మొగుడు మోచేత్తో పొడిచాడు. "నిన్నేనే!" అంటూ ఆ పేరుతోనే పిలిచాడు, పెళ్ళయిన కొత్తలో పిలిచినట్టు.

"ఆవిడెవరండీ, మీకు తెలుసా?" అని అడిగింది పక్క కుర్చీ ఆవిడ, గౌను వైపే చూస్తూ.

"నేనే" అంది టేపక్క. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"అయ్యో, మీరేనా! మా అమ్మాయికి అచ్చం ఇలాంటిదే కుట్టిపెట్టండి. ఎల్లుండికల్లా ఇచ్చెయ్యాలి మరి."

"కుడతాను" అంది టేపక్క, మెడలో టేపు సవరించుకుంటూ. "కానీ ఒక రాత్రి కొక్కేనికి వేలాడాలి. తొందరపడితే కుదరదు."