స్టీఫెన్ కొయ్యని ముక్క

కోదాడ స్టీఫెన్‌ను నేను ఈ జన్మల మాఫ్ చెయ్యను. మంచోడని అందరంటరు. నా ఇంట్ల చాయ్ తాగి నాకు ఇల్లే లేకుంట చేసిండు.

మిర్యాలగూడల, వేములపల్లి తొవ్వకు మా రేకుల ఇల్లు. ఒకటే గది. మంచమేస్తే పొయ్యికి జాగ ఉండది. ఏడో తరగతిల బడి బందువెట్టి బోర్డులు రాసెటోన్ని. ఒక పేపర్ల దినాం మూడు డబ్బాల బొమ్మల కథ గీసిన, మాట్లాడే గొర్రె మీద. మావోళ్లు గొర్లకాపరులు, నాకు గొర్రె మొఖం వచ్చినట్టు మనిషి మొఖం రాదు. 2006ల ఆ జాగల అడ్వటైజుమెంట్లు వేసుకొని గొర్రెను తీసేసిన్రు.

రెండేండ్లకు స్టీఫెన్ కెమెరాతోని దిగిండు. పేపరు బొమ్మలు గీసెటోళ్లు, వాళ్ల ఇరుకిండ్లు, వీటి మీద డాక్యుమెంటరీ అంట. లోపల కెమెరా పట్టక గడపల నిలవడి తీసిండు.

"ఇంత చిన్న ఇంట్లో ఆ గొర్రె ఎలా పట్టిందన్నా?"

"గొర్రె పట్టింది బిడ్డా, నా బీరువానే పట్టలే," అన్నది నా భార్య జంగమ్మ.

అందరం నవ్వినం. ఇల్లెట్ల వచ్చిందని అడిగిండు. ఉన్న గొర్లన్ని అమ్మి బాల్యా అనెటాయన దగ్గర జాగ కొన్నమని చెప్పిన. అది సర్కారు పేదోళ్లకిచ్చిన జాగ, అమ్మరాదు, పట్టా బాల్యా పేరునే ఉంటది. తెల్లకాయితం మీద రాసుకున్నం. గీడ శానమంది గట్లనే కొంటరు, బయటికి మాత్రం అనరు.

"ఆ ముక్క తీసెయ్ తమ్మీ. తెలిస్తే జాగ గుంజుకుంటరు."

"కోసేస్తానన్నా, మీరు నిశ్చింతగా ఉండండి."

సూర్యాపేటల ఫంక్షన్ హాల్ల సినిమా ఏసిన్రు. ముందల కుర్సీల మా దిక్కు రెవెన్యూ ఆఫీసరు. తెర మీద నా మొఖం, నా గొంతు: "గొర్లన్ని అమ్మి బాల్యా దగ్గర కొన్న తమ్మీ..." జంగమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. హాలంత కండ్లు తుడుచుకుంట చప్పట్లు. ఆ ఆఫీసరే లేచి నాకు శాలువ కప్పిండు.

నెల తిరగకముందే ఆయన మనుషులొచ్చిన్రు. అమ్ముడు చెల్లదు, కొనుడు చెల్లదన్నరు. సామాను బయటేసి తాళమేసిన్రు. బీరువా లేకపాయె, మోసుకపోను అల్కగైందని జంగమ్మ నవ్వింది. ఆ నవ్వు నేను సూడలేకపోయిన.

స్టీఫెన్‌కు ఫోన్ చేసిన.

"కొయ్యబుద్ధి కాలేదన్నా. జనం ఏడ్చింది అక్కడేగా!"

ఇప్పుడు కిరాయి గదిల ఉంటున్నం. బోర్డులన్ని ఫ్లెక్సీలైనయ్. వాని సినిమా ఇంక ఏడనో ఆడుతనే ఉన్నదంట. నాకు పోయింది అరవై గజాల జాగ.