బదులు రోజులు

"ఒక్క మనిషే గదా, పది రోజులే గదా" అన్నాడు సాలొమోను, బూటు లేసు బిగించుకుంటూ. ఆ ఇంట్లో పనులన్నీ ఒక్కటొక్కటిగానే వస్తాయి. ఒక్క గ్లాసు టీ, ఒక్క చొక్కా ఇస్త్రీ, అమ్మని ఒక్కసారి పక్కకి తిప్పడం. ఒక్కటీ ఒక్కటీ కలిపితే ఎంతవుతుందో సాలొమోను ఎన్నడూ కూడి చూడలేదు. ఆ అవసరం ఆయనకి రాలేదు, పాపం. ఆయన భార్య సరళకుమారి అప్పుడే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చింది. చెప్పులు విప్పకముందే ఈ కబురు చెవిన పడింది. ఇండోనేషియా నుంచి లూథరన్ క్రైస్తవ సంఘాల వాళ్ళు ఢిల్లీ సభలకి వస్తున్నారట, వాళ్ళలో ఒకావిడ తమ ఇంట్లో దిగుతుందట. తెలుగు సంఘానికి కార్యదర్శి కాబట్టి సాలొమోను అందరికంటే ముందు చెయ్యెత్తాడు. ఆ ఎత్తిన చెయ్యి వండదు, వడ్డించదు అని సంఘంలో అందరికీ తెలుసు. తెలిసే చప్పట్లు కొట్టారు.

ఫరీదాబాద్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ముందు గది అత్తగారిది. ధనమ్మకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట సగం లోపలే ఉండిపోతుంది. ఆవిడ మంచాన పడ్డ నెలలోనే సాలొమోను ఒక ఏర్పాటు చేశాడు. "పగలు నువ్వు చూసుకో, రాత్రి నేను చూసుకుంటా, చెరి సగం" అన్నాడు. అందుకోసం సరళ మేట్రన్ కాళ్ళావేళ్ళా పడి శాశ్వతంగా రాత్రి డ్యూటీ వేయించుకుంది. రాత్రి ధనమ్మ నిద్రపోతుంది, సాలొమోను కూడా నిద్రపోయి ఆవిడని చూసుకుంటాడు. పగలు సరళ ఆవిడకి నీళ్ళు పోయాలి, అన్నం తినిపించాలి, పుండ్లు పడకుండా గంటగంటకీ ఒత్తిగిలించాలి. నడుమ వంట, బట్టలు, కూతురు ఆరాధన స్కూలు. నిద్ర అనేది ఆమెకి ముక్కలుగా దొరుకుతుంది, అదీ కూరలో బంగాళాదుంపలు ఉడికే లోపు. అయినవాళ్ళందరూ మెచ్చుకుంటారు. కరోల్ బాగ్‌లో ఉండే మరిది నోయల్ ఫోన్ చేసినప్పుడల్లా "వదిన చెయ్యి తప్ప అమ్మకి ఇంకెవరి చెయ్యీ పడదు" అంటాడు. ఇంకెవరి చెయ్యీ పడేదాకా వస్తే కదా, పడుతుందో పడదో తెలిసేది.

సరిగ్గా ఆ వారమే మేట్రన్ పిలిచి ఐసీయూ ట్రైనింగ్ సంగతి చెప్పింది. మూడు నెలలు పగటి డ్యూటీ. అది పూర్తి చేస్తే ఐసీయూలో సీనియర్ సిస్టర్, రాత్రులకి సెలవు. "శనివారం లోపల చెప్పు సరళా, నీ తర్వాత నలుగురు నిలబడి ఉన్నారు" అంది. ఆ మాట ఇంట్లో చెబితే సాలొమోను నవ్వాడు. "ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత మళ్ళీ చదువుకుంటావా? మరి పగలు అమ్మనెవరు చూస్తారు?" అని పేపరు తిప్పాడు. అది ప్రశ్న కాదు, తలుపు మూసి గడియ పెట్టడం. అప్పటి నుంచి సరళకి స్థిమితం లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది, వేసిందో లేదో గుర్తురాక రుచి చూస్తుంది. ఒప్పుకుంటానని మేట్రన్‌కి చెప్పలేదు, ఒప్పుకోనని చెప్పడానికి నోరు రాలేదు.

వచ్చిన మనిషిని చూసి సాలొమోను మొహం చిన్నబోయింది. పాస్టర్ గారి భార్య వస్తుందనీ, నలుగురి ముందూ తను ఇంగ్లీషు దంచవచ్చుననీ అనుకున్నాడు. వచ్చినావిడ పొట్టిగా, గట్టిగా, ఎండకి కమిలిన మొహంతో ఉంది. పేరు తియుర్మా. సుమత్రాలో ఒక పెద్ద సరస్సు ఒడ్డున పల్లెటూరు, వ్యవసాయం. ఊళ్ళో స్త్రీల సమాజానికి పెద్ద కాబట్టి పంపించారు. పక్క దేశంలోని పెనాంగ్‌లో కొన్నేళ్ళు ఎవరింట్లోనో పనిమనిషిగా చేసి వచ్చిందట, అందువల్ల ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చు. సరళకి ఆసుపత్రి ఇంగ్లీషు వచ్చు. ఆ రెండు అతుకుల ఇంగ్లీషులూ బాగానే కలిశాయి. తియుర్మా సంచిలోంచి ఎండుచేపల పొట్లం తీసేసరికి సరళకి ప్రాణం లేచివచ్చింది. పై అంతస్తు ఇంటావిడ ముక్కు మూసుకుని తిడుతుందని తెలిసి కూడా, కిటికీలన్నీ బిగించి, ఇద్దరూ వేయించుకుని తిన్నారు. ధనమ్మ కూడా ఒకటి చప్పరించింది.

రెండు రోజులు సభలయ్యాక మిగిలినవాళ్ళని ఊళ్ళు చూపించడానికి తీసుకెళ్ళారు. సాలొమోను సెలవు పెట్టి మరీ వాళ్ళ వెంట వెళ్ళాడు. తల్లికి వైద్యపరీక్షలున్న రోజున దొరకని సెలవు అది. తియుర్మాకి బస్సు పడదు, ఇంట్లోనే ఉండిపోయింది. ధనమ్మ మంచం పక్కన కింద కూర్చుని, చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ, తన ఊరి సంగతులు చెప్పేది. కొండ మీద మెట్లుమెట్లుగా వరి మళ్ళు. ఇంటి వెనక కాఫీ చెట్లు, ముందు ఎర్ర ఉల్లిపాయలు. సంత రోజున ఉల్లి బస్తాలు పడవలో వేసుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళి అమ్మేది ఆడవాళ్ళే. పిల్లల చదువుకి పంది పెంచేదీ వాళ్ళే. దున్నడం మాత్రం మగవాళ్ళది. దున్నేశాక వాళ్ళు కల్లు దుకాణం దగ్గర గిటారు వాయిస్తారు, చదరంగం ఆడతారు. ఇది చెప్పేటప్పుడు తియుర్మాకి కోపం రాలేదు, వానాకాలంలో వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది.

నాట్లు ఎలా పడతాయో కూడా చెప్పింది. కూలికి మనుషుల్ని పెట్టుకునే స్తోమత లేక ఆరేడుగురు ఆడవాళ్ళు జట్టు కడతారు. ఇవాళ అందరూ నీ మడిలో దిగితే, రేపు నువ్వు వాళ్ళ మడిలో దిగాలి. రోజుకి రోజే తీర్చాలి, డబ్బిస్తానంటే ఒప్పుకోరు. జ్వరమొస్తే ఇంట్లోంచి ఇంకొకరిని పంపాలి. "ఏమంటంది?" అని ధనమ్మ ఎడమ చేత్తో సరళ కొంగు లాగింది. సరళ చెప్పేసరికి ముసలావిడ కళ్ళలోకి వెలుగొచ్చింది.

"మేమూ బదులుకి పొయ్యేవోళ్ళం" అంది, ఒక్కో మాటా కూడదీసుకుని. "బదులు ఎగ్గొట్టినదాన్ని... మళ్ళా జట్టులో కలపం."

సరళకి తన తల్లి మాణిక్యం గుర్తొచ్చింది. బాపట్ల దగ్గర పల్లెలో, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, "ఇయ్యాల సుబ్బులు వాళ్ళకి బదులు పోవాలే" అంటూ చద్దన్నం గిన్నెతో వెళ్ళిపోయే అమ్మ. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. అమ్మ మంచాన పడి పోయిందని తియుర్మాకి చెప్పింది.

తియుర్మా చేతిలో పని ఆపి సరళ వైపు చూసింది. "ఈమెకి నువ్వు చాలా రోజులు తీరుస్తున్నావు" అంది. "మీ అమ్మ మంచాన పడ్డప్పుడు నీ మొగుడు ఎన్నాళ్ళు చేశాడు?"

సరళ ముందు తనకే ఇంగ్లీషు సరిగా అర్థం కాలేదనుకుంది. తియుర్మా మళ్ళీ విడమరిచి చెప్పింది. వాళ్ళలో అల్లుడు హెడ్మాస్టరయినా సరే, అత్తవారింట్లో శుభమొచ్చినా చావొచ్చినా నీళ్ళు మొయ్యాలి, అన్నం వడ్డించాలి, గిన్నెలు కడగాలి. కాబట్టి ఈ అల్లుడు కూడా అత్తగారికి చేసే ఉంటాడనీ, దానికి బదులుగానే సరళ ఇంత చేస్తున్నదనీ ఆవిడ వచ్చిన రోజు నుంచీ అనుకుంటోంది. అడిగినదాంట్లో దెప్పు లేదు, వెటకారం లేదు. అందుకే అది నేరుగా లోపలికి దిగింది.

మాణిక్యం కేన్సర్‌తో మంచాన పడినప్పుడు సరళ ఎంత కొట్టుకుందో ఈ ఇంటి గోడలకే తెలుసు. "మీ వదిన ఉంది గదా అక్కడ, నువ్వెళ్తే ఇక్కడ అమ్మనెవరు చూస్తారు" అన్నాడు సాలొమోను. "నర్సువి, నీకు తెలియందేముంది, ఆ జబ్బుకి ఎవరున్నా ఒకటే" అని కూడా అన్నాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఊరూపేరూ తెలియని వాళ్ళకి రాత్రంతా మార్ఫిన్ ఇంజెక్షన్లు చేసింది. కన్నతల్లి ఒళ్ళు నొప్పులతో మెలికలు తిరుగుతుంటే ఫోన్‌లో వింది. భూస్థాపన వేళకి వెళ్ళగలిగింది. పెట్టెలో అమ్మ మెడ కింద చూస్తే పుండ్లు, వేళకి ఒత్తిగిలించక పడ్డ పుండ్లు. అత్తగారి ఒంటి మీద ఇన్నేళ్ళలో ఒక్క పుండు లేదు. అది తలుచుకుని గర్వపడాలో గుండెలు బాదుకోవాలో ఆమెకి ఈనాటికీ తెలియదు.

"చేయలేదు" అంది సరళ. "రాలేదు."

"అయితే ఇది బదులు కాదు" అంది తియుర్మా అయోమయంగా. "మరేంటిది?"

బాధ్యత అందామనుకుంది. పరిచర్య అందామనుకుంది. మొన్న ఆదివారం గుడిలో సాలొమోను సాక్ష్యం చెబుతూ "దేవుడు మా ఇంటికిచ్చిన కోడలు" అంటే అందరూ ఆమేన్ అన్నారు, సరళ కూడా అంది. ఇప్పుడు ఆ మాటలన్నీ నాలుక మీదికొచ్చి వెనక్కి పోయాయి. "మరి మీ ఆయన మీకు తీరుస్తాడా?" అని ఎదురడిగింది. తియుర్మా పగలబడి నవ్వింది. "మామూలు రోజుల్లో వాడిది చదరంగం. బదులు ఆడవాళ్ళ మధ్యే. ఇంట్లో ఎవరడుగుతారు? నేనూ అడగలేదు, పెనాంగ్ పారిపోయాను" అంది. నవ్వు ఆగాక చిక్కుడుకాయలు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మంచం మీద ధనమ్మ సరళ వైపే చూస్తూ ఉండిపోయింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కానీ రానిది ఎవరో, చచ్చిపోయింది ఎవరో తెలుసుకోవడానికి సరళ మొహం సరిపోయింది.

శనివారం పొద్దున సరళ డ్యూటీ దిగి వచ్చేసరికి తియుర్మా చీర కొంగులాగా తువ్వాలు నడుముకి చుట్టుకుని నిలబడి ఉంది. రేపే ప్రయాణం, నీకు తీర్చాల్సిన రోజు మిగిలిపోయింది, వెళ్ళి పడుకో అంది. అతిథి చేత చేయిస్తే బాగుండదని సరళ ఎంత చెప్పినా వినలేదు. లోపలి గదిలోకి తోసి తలుపు వేసేసింది. సరళ కళ్ళు మూసుకుని పడుకుంది. ధనమ్మకి నీళ్ళు పోస్తున్న చప్పుడు, ఇద్దరూ దేనికో నవ్వుతున్న చప్పుడు. ఒళ్ళు ఊరుకోవడం లేదు, లేచి వెళ్ళమని కాళ్ళు పీకుతున్నాయి. తనకోసం ఒక మనిషి పనిచేస్తున్నదన్న సంగతిని ఒళ్ళు నమ్మలేక పోతున్నది. ఏడుపొచ్చింది. ఏడ్చి, ఎప్పుడో నిద్రపోయింది. లేచేసరికి కిటికీలో ఎండ పసుపురంగుకి తిరిగింది. తల తేలిగ్గా ఉంది, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆలోచన మొదటి నుంచి చివరిదాకా తెగకుండా సాగింది. సాలొమోను పనిచేసే ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్ట్ కూడా ఉంది. తను రెండున్నరకల్లా వచ్చేస్తుంది. నడుమ కాసేపు ఆరాధన ఉంటుంది. మూడు నెలలు ఆయన షిఫ్ట్ మార్చుకుంటే చాలు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు, తనకి కూడా. సరళ మంచం మీద కూర్చునే మేట్రన్‌కి ఫోన్ చేసింది.

సాలొమోను వచ్చేటప్పటికి తియుర్మా కొళాయి దగ్గర బట్టలు జాడిస్తోంది. లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. సంఘంలో నా పరువేం కాను, విదేశీ అతిథి చేత బట్టలుతికిస్తావా, నీకు మతిపోయిందా అని మొదలుపెట్టాడు. సరళ అంతా విన్నది.

"సోమవారం నుంచి నాకు పగటి డ్యూటీ" అంది. "మూడు నెలలు మీరు మధ్యాహ్నం షిఫ్ట్ వేయించుకోండి. పొద్దున అత్తయ్యకి నీళ్ళు పోసి, తినిపించి వెళ్ళాలి."

"నేనా? అమ్మకి నీళ్ళు పోస్తానా? మగాణ్ణి, సిగ్గుండక్కర్లా?"

"రాత్రంతా ముక్కూమొహం తెలియని మగాళ్ళ ఒళ్ళు తుడుస్తున్నాను నేను. దానికి సిగ్గు లేదా అని మీరెప్పుడూ అడగలేదే."

పక్క గదిలోంచి ఆరాధన "పాపా, మైఁ హెల్ప్ కర్ దూఁగీ" అని హిందీలో నాన్నకి సాయం చేస్తానంది. సాలొమోను తల్లి మంచం దగ్గరికి వెళ్ళాడు, ఆవిడ తన తరఫున ఒక్క మాట అంటుందన్న ధీమాతో. "చూడమ్మా, నీ కోడలు ఏమంటుందో" అన్నాడు. ధనమ్మ చాలాసేపు నోరు కదిలించింది. మాట బయటికి రావడానికి ఆవిడ పడే అవస్థ చూడలేక సరళ ముందుకి వంగింది. ముసలావిడ ఎడమ చేత్తో ఆమెని ఆపింది.

"నీకు నేను పోసిన నీళ్ళకి... ఇంకా బదులు రాలేదురా" అంది కొడుకుతో.

సోమవారం పొద్దున సరళ యూనిఫాం వేసుకుని, జడ ముడివేసుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. ఇన్నేళ్ళ తర్వాత పొద్దుటి పూట బస్సు ఎక్కబోతోంది. బాత్రూంలో ప్లాస్టిక్ కుర్చీలో ధనమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. సాలొమోను లుంగీ ఎగ్గట్టి, మగ్గు పట్టుకుని, బకెట్ ముందు నిలబడ్డాడు.

"సరళా, నీళ్ళు ఎంత వేడి ఉండాలి?" అని లోపల్నుంచి కేకేశాడు.

సరళ చెప్పులేసుకుంది. "చెయ్యి పెట్టి చూసుకోండి" అని చెప్పి మెట్లు దిగింది.