ముసలితనానికి రెండు నెలలు తక్కువ

మా ఆవిడ మార్ఫిడ్ సోమవారం ఉదయం పోయింది. వయసు డెబ్బై తొమ్మిదేళ్ళ పది నెలలు. ముందు రోజు మధ్యాహ్నం ఛాతీలో బరువుగా ఉందంది. అంబులెన్సుకి ఫోన్ చేయబోతే, "ఆదివారం పూట వాళ్ళనెందుకు కదిలిస్తావు? టీ పెట్టు, చాలు," అంది. టీ పెట్టాను. సగం తాగి పడుకుంది.

పదేళ్ళుగా ఆమెను చూస్తున్న డాక్టర్ హావర్డ్, మరణ ధ్రువపత్రంలో కారణం దగ్గర "వృద్ధాప్యం" అని రాశాడు. ఇప్పుడు మా వేల్స్‌లో ఒక డాక్టరు మాట చాలదు. రోగికి వైద్యం చేయని మరో డాక్టరు కాగితాలన్నీ చదివి సరేనంటేనే మనిషి పోయినట్టు. బుధవారం పత్రం తిరిగొచ్చింది.

"ఎనభై నిండితేనే వృద్ధాప్యంతో పోనిస్తారట, ప్రిచర్డ్ గారూ. ఆవిడకి రెండు నెలలు తక్కువైంది," అన్నాడు హావర్డ్ ఫోన్‌లో, తప్పు తనదైనట్టు.

పక్కింటి ఇద్వాల్ గోడ మీదుగా తొంగిచూశాడు. "చూశావటోయ్ ఎమ్రిస్! జీవితమంతా వయసు తగ్గించి చెప్పింది. ఇన్నాళ్ళకి సర్కారు ఒప్పుకుంది, ముసలిది కాదని!"

సోమవారం తర్వాత మొదటిసారి నవ్వాను. లోపలికెళ్ళాక భయం పట్టుకుంది. అంబులెన్సుని పిలవకుండా టీ పెట్టిన సంగతి ఆ పత్రం చూసేవాళ్ళకి తెలిసిపోయిందేమో.

హావర్డ్ ఈసారి "గుండె ఆగిపోవడం" అని రాశాడు. గురువారం అదీ తిరిగొచ్చింది. ఆ మాట మనిషి ఎలా పోయిందో చెబుతుందట, ఎందుకు పోయిందో చెప్పదట.

"గుండె ఆగకుండా పోయినవాడు మన వీధిలో ఒక్కడున్నాడా?" అని ఇద్వాల్ మండిపడ్డాడు.

ఆ "ఎందుకు" నన్నే అడుగుతున్నట్టుంది.

శుక్రవారం ఆ పరిశీలించే డాక్టరమ్మే ఫోన్ చేసింది. పేరు బెనన్. "ఆవిడకి జరిగిన వైద్యం మీద మీకేమైనా అనుమానాలున్నాయా?" అందరినీ తప్పక అడగాల్సిన ప్రశ్నట.

"వైద్యం మీద లేదమ్మా. నా మీదే ఉంది," అని ఆదివారం సంగతి చెప్పేశాను.

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "నిరుడు తీసిన స్కాన్ నా ముందుంది. గుండెకి వెళ్ళే మూడు రక్తనాళాలూ పూడుకుపోయాయి. ఆపరేషన్ వద్దని ఆవిడే సంతకం పెట్టారు. మీకు చెప్పలేదా?"

"లేదు."

"మీరు వెంటనే పిలిచి ఉంటే ఏమయ్యేదో ఒట్టేసి చెప్పలేను. నాకు తోచినంతవరకు, ఏ ఆసుపత్రి నడవలోనో పోయేవారు. టీ తాగారా మరి?"

"సగం."

"బాగుందన్నారా?"

"పంచదార ఎక్కువైందంది."

ఆమె నవ్వలేదు, తొందరపెట్టలేదు. నేను ముక్కు తుడుచుకునేదాకా ఆగింది.

సాయంత్రానికి మూడో పత్రం ఒప్పుకున్నారు. గుండె వైఫల్యం, దానికి కారణం రక్తనాళాలు పూడుకుపోయిన జబ్బు. వృద్ధాప్యం ఊసే లేదు. నాకు మే నెలలో ఎనభై నిండాయి కాబట్టి, నా వంతొచ్చినప్పుడు హావర్డ్‌కి ఇంత శ్రమ ఉండదు.

ఆదివారం నుంచి కడగకుండా ఉంచిన ఆమె కప్పు అప్పుడు కడిగాను. అడుగున పంచదార కరగకుండా అలాగే ఉంది.