లియాఖత్ అలీ గీకిన స్వరం

లియాఖత్ అలీ పోయి నలభై రోజులైంది. ఎనభై నాలుగేళ్లు బతికిన మనిషి. బర్మా యుద్ధంలో ఫౌజు తుపాకులు బాగుచేసి, ఒక చెవి అక్కడే పోగొట్టుకుని, వస్తూ వస్తూ కలకత్తాలో హార్మోనియం కొనుక్కొచ్చాడు. పతకాలను ట్రంకుపెట్టె అడుగున పడేశాడు గానీ, ఆ హార్మోనియం మీద మాత్రం ఈగను వాలనివ్వలేదు. హాలియా దగ్గరి ఆ ఊళ్లో శనివారం భజన అంటే ఆయన వాయింపు, ఎల్లస్వామి గొంతు. నలభై ఏళ్లు అదే జోడు.

అందుకే ఈ రోజు ఎల్లస్వామి పొద్దుటినుంచీ గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. నలభయ్యోనాటి ఫాతెహా ప్రార్థన అయింది, భోజనాలయ్యాయి. ఇక దోస్తుకు ఇష్టమైన తత్వం ఆయన వాకిట్లోనే పాడాలి. డెబ్బై దాటిన గొంతు ఇంకెన్నాళ్లుంటుందో ఎవరికెరుక? ఈ ఒక్క పాట దోషం లేకుండా పాడితే చాలనుకున్నాడు.

లియాఖత్ కొడుకు జాఫర్‌కు తండ్రి మీద ప్రేమ ఎక్కువ, సంగీతం తక్కువ. హార్మోనియం పెట్టె దుమ్ము పట్టిందని నల్గొండ తీసుకెళ్లి బాగుచేయించాడు. బాగుచేసిన బాబా మియానే వాయించడానికి వెంటబెట్టుకొచ్చాడు కూడా.

పల్లవి బాగానే సాగింది. చరణంలో పై స్వరం దగ్గరికి వచ్చేసరికి ఎల్లస్వామి గొంతు ఒక దారి, పెట్టె ఒక దారి. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అంతే.

"పెట్టెను ఖరాబు చేసుకొచ్చినవేంది జాఫరూ!" అన్నాడు మద్దెల వాయించే గుర్వయ్య.

బాబా మియాకు రోషం వచ్చింది. జేబులోని పొట్లం విప్పి సన్నని ఇత్తడి రేకు చూపించాడు. "నేను ఖరాబు చెయ్యలే. గా పై స్వరం పలికే రేకు గిదే. ఎవరో ఆకురాయితోని గీకి స్వరాన్ని కిందికి దించిండ్రు. మంచి పనోడి చెయ్యి. నేను కొత్తదేసి, పాతది మీకిద్దామని తెచ్చిన."

ఆ ఊళ్లో ఆకురాయి పట్టిన మంచి పనోడు ఒక్కడే. ఎల్లస్వామికి వయసులో ఉన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. ఆ స్వరం దగ్గర తన గొంతు ఎప్పుడూ జారేది. తనను భజనలోంచి తీసేద్దామని గుర్వయ్య పట్టుబట్టాడు. "జర ఆగుండ్రి, తప్పు పెట్టెదేమో, నే చూస్త" అన్నాడు లియాఖత్. వారం తిరిగేసరికి గొంతూ పెట్టే కలిశాయి. సాధన ఫలించిందని ఎల్లస్వామి కొబ్బరికాయ కొట్టాడు. అప్పటినుంచి మీసం మెలేస్తూనే ఉన్నాడు!

ఇప్పుడు తల కొట్టేసినట్టయింది. కండువా దులుపుకుని లేచాడు.

"కూసో ఎల్లన్నా," అంది గడపలోంచి లియాఖత్ భార్య ఇక్బాల్ బీ. "నాకు ఆనాడే ఎరుక. ఆయన గీకుతుంటే రేకు పట్టుకున్నది నేనే. మంచి పెట్టెను ఎందుకు పాడు చేస్తున్నవని అడిగిన. 'పెట్టె నొచ్చుకోదు, ఎల్లస్వామి నొచ్చుకుంటడు' అన్నడు."

ఎల్లస్వామికి ఏడుపు ఆగలేదు. సిగ్గు ఎటో పోయింది. చివరికి కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు పెట్టెను నా దిక్కు వంచిండు. కొత్త రేకే ఉండనీ. ఇగ నేను నేర్చుకుంట."

పాట మళ్లీ మొదలైంది. పై స్వరం దగ్గర నరాలు బిగబట్టి గొంతు పైకి లాగాడు. చిత్రం, సరిగ్గా అందింది! కానీ వెనక పాడుతున్న వాళ్లంతా ఎప్పటి అలవాటుకొద్దీ పాత స్వరంలోనే దిగబడ్డారు. సరిగ్గా పాడిన ఎల్లస్వామి ఒక్కడే తప్పు పాడినట్టు వినిపించాడు.

గుర్వయ్య మద్దెల ఆపేసి పగలబడి నవ్వాడు. "ఓరి ఎల్లయ్యా, నిన్ను తీసెయ్యమన్న నేనే నీ లెక్క పాడుతున్న గదరా!"

వాకిలంతా నవ్వింది. ఇక్బాల్ బీ కొంగు నోటికడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. బాబా మియా ఎవరినీ అడగలేదు. పెట్టె మూత విప్పి, కొత్త రేకు తీసి, పాతదాన్ని దాని జాగాలో బిగించాడు.

ఈసారి పై స్వరం దగ్గర ఊరంతా ఒక్క గొంతై, లియాఖత్ అలీ గీకిన చోటికే దిగింది.