గోడ నిండా కృతజ్ఞతలు

మా ఆయన షాపుల బోర్డులు రాస్తారు. రాసేవారు అనాలేమో. ప్రింటు బోర్డులు వచ్చాక ఆయన కుంచెకి పని తగ్గింది, నోటికి పెరిగింది. వీధిలో కొత్త ప్రింటు బోర్డు కనబడితే చాలు, ఆగి, "ఆ అక్షరాలకి నడుమే లేదు" అని పెదవి విరిచి కానీ కదలరు. అలాంటి మనిషికి గ్రాంటు వచ్చిందంటే నేను ముందు నమ్మలేదు.

మా ప్రాంతంలో కళలకి సాయం చేసే సంస్థ ఒకటుంది. వీధికొక గోడ మీద బొమ్మ వేయించాలని వాళ్ళు ఒక కార్యక్రమం పెట్టారు. బొమ్మ వేసే మనిషిని వీధివాళ్ళే ఎంచుకోవాలి. రంగులు, పరంజా, కూలీ సంస్థ ఇస్తుంది. మా వీధి ఈయన్ని ఎంచుకుంది. గోడేమో నా ఇస్త్రీ షాపు పక్క గోడ. కాబట్టి జరిగిందంతా నా కళ్ళ ముందే జరిగింది.

సంస్థ నుంచి వచ్చిన మేడమ్ పరంజా దింపించి, చెప్పాల్సింది చెప్పింది. "బొమ్మ మీ సొంతం. అడుగున చిన్నగా మా పేరు, సాయం చేసినవాళ్ళకి కృతజ్ఞతలు రాస్తే చాలు."

"ఏ బొమ్మ వేయమంటారు?" అన్నారు మా ఆయన.

"మీ ఇష్టమండీ."

"అదే, మీ మనసులో ఏముందో చెబితే..."

ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది. ఈయన మొహం పాలిపోయింది. పాపం, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన గోడ మీద సొంత మాట ఒక్కటి రాసుకోలేదు. ఎవరో చెబుతారు, ఈయన రాస్తారు.

మర్నాడు గోడకి తెల్లరంగు వేసి, సుద్ద పూసిన దారంతో తిన్నగా గీతలు కొట్టుకుని, అడుగు నుంచి మొదలుపెట్టారు. "ముందు కృతజ్ఞతలు కానిచ్చేస్తా. తర్వాత బొమ్మ మీద మనసు పెట్టొచ్చు," అన్నారు. సబబుగానే ఉంది కదా అనుకున్నాను.

సంస్థ పేరు బ్రహ్మాండంగా వచ్చింది. అంచులకి బంగారు రంగు, వెనక నీడ. చూడ్డానికొచ్చిన సెలూన్ బాబాయ్, "నా పేరేదిరా? నీళ్ళు నా కుళాయివేగా!" అన్నాడు. ఈయన సంబరంగా రాసేశారు. నీళ్ళకి రాశాక, కూర్చోడానికి స్టూలిచ్చిన మందుల షాపాయనకి రాయకపోతే బాగుండదు. ఆయనకి రాశాక, పరంజా చుట్టూ తిరిగి నడుస్తున్న పాదచారులకి. ఆపైన, దుమ్ము రేపకుండా వెళ్తున్న వాహనదారులకి ఒక వరస. అక్షరాలు పైకి పాకుతున్నాయి, బొమ్మకి చోటు కరిగిపోతోంది.

నాకు ఒళ్ళు మండింది. "బొమ్మెప్పుడండీ?"

"నీ పేరు రాయొద్దా మరి? గోడిచ్చావు."

"నా పేరూ వద్దు, నా తలకాయా వద్దు. దిగండి."

దిగలేదు. అందరికన్నా పెద్దగా నా పేరు రాశారు. అబద్ధమెందుకు, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ బయటికొచ్చి చూసుకున్నాను.

మేడమ్ మళ్ళీ వచ్చేసరికి గోడ మీద కిటికీ అంత ఖాళీ మిగిలింది. ఆవిడ కింది నుంచి చదువుతూ చదువుతూ మెడ పైకెత్తింది. "అక్షరాలు ముచ్చటగా ఉన్నాయండీ. ఇంతకీ ఈ కృతజ్ఞతలన్నీ దేనికి?"

"బొమ్మకి," అన్నాడు సెలూన్ బాబాయ్.

"ఏ బొమ్మకి?"

మా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. "భయమేస్తోందమ్మా," అన్నారు చివరికి. "బోర్డులో తప్పుంటే రాయించుకున్నవాళ్ళు చెబుతారు, దిద్దుతాను. నా బొమ్మ తప్పో ఒప్పో నాకెవరు చెబుతారు?"

అంతమంది ముందు ఆయన అలా అనేసరికి గబగబా స్టూలు జరిపి ఆయన్ని కూర్చోబెట్టాను. మేడమ్ కూడా మెత్తగానే మాట్లాడింది. "వచ్చే వారం వస్తాను. అప్పటికీ బొమ్మ మొదలవకపోతే గ్రాంటు ఇంకో వీధికి ఇచ్చేయాలి. నా చేతుల్లో లేదండీ."

ఆ రాత్రి మా ఆయన అన్నం ముందు కూర్చుని, "నువ్వు చెప్పు, ఏం వేయను?" అన్నారు. నా దగ్గర సలహాలకి కరువా? అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. "నేను చెప్పను," అన్నాను. పెళ్ళయ్యాక ఆ మాట అనడం అదే మొదలు.

పొద్దున నేను షాపు తీసేసరికి ఆయన తెల్లరంగు బాల్చీతో పరంజా మీదున్నారు. సెలూన్ బాబాయ్ పోయాడు, మందుల షాపాయన పోయాడు, సంస్థ పోయింది. నా పేరు దగ్గర చెయ్యి ఆగింది.

"కానివ్వండి," అన్నాను. చూడలేక మొహం తిప్పుకున్నాననుకోండి, అంత చక్కటి అక్షరాలు.

ఖాళీ గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నీలం రంగులో కుంచె ముంచి, దారం కొట్టకుండానే ఒక గీత గీశారు. వంకరగా వచ్చింది. నాకే కనబడింది, ఆయనకి కనబడదా? దిద్దలేదు. దాని పక్కన ఇంకోటి గీశారు.

మేడమ్ వచ్చేసరికి గోడ సగం నిండింది. నీలంలోంచి ఏవో పైకి లేస్తున్నాయి. పిట్టలని నేనంటాను, గుర్రాలని సెలూన్ బాబాయ్ అంటాడు. ఏవైతేనేం, చూస్తుంటే చూపు తిప్పుకోబుద్ధి కాదు. ఆవిడా అలాగే నిలబడిపోయింది.

"ఏంటండీ అవి?"

"అయ్యాక చూద్దామమ్మా," అన్నారాయన, వెనక్కి తిరక్కుండా.

"మరి మా సంస్థ పేరు?"

మా ఆయన గోడని కింది నుంచి పైదాకా ఓసారి చూసి, కుంచె మళ్ళీ రంగులో ముంచారు.

"చోటు మిగిలితే రాస్తాలెండి."