మూడేసి రోజుల మాత్రలు

వీధిలో అందరూ ఆమెను డాక్టరమ్మ అనేవారు. ఆమె డాక్టరేం కాదు, పదిహేనేళ్ళుగా మందుల షాపు నడుపుతోంది, అంతే. అయినా అలా పిలిస్తే కాదని దిద్దేది కాదు. చీటీ లేకుండా వచ్చినవాళ్ళకీ నాలుక చూసి, నుదురు తాకి మాత్రలిచ్చేది. చాలామందికి తగ్గేది కూడా. అదే వచ్చిన చిక్కు.

ఆమె తమ్ముడు వడ్రంగి. నాలుగు నెలల క్రితం పన్ను పీకించుకున్నాక జ్వరం పట్టుకుంది. అక్క మూడు రోజులకి సరిపడా యాంటీబయాటిక్ ఇచ్చింది. జ్వరం తోక ముడిచింది. పది రోజులకి మళ్ళీ వచ్చింది, మళ్ళీ మూడు రోజుల మాత్రలు. ఇలా నాలుగుసార్లు. ఐదోసారి మెట్లెక్కుతూ సగంలో కూలబడిపోతే ఆస్పత్రిలో చేర్చారు.

స్కానింగులో గుండె వాల్వు మీద కందిగింజంత గడ్డ కనిపించింది. అక్కడ క్రిములు కాపురం పెట్టాయన్నారు. అవి ఏ క్రిములో తేలితేనే సరైన మందు పడుతుంది. మూడుసార్లు రక్తం తీసి, అందులో క్రిములు పెరుగుతాయేమోనని ల్యాబులో ఉంచి చూసినా ఏమీ బయటపడలేదు.

"ఇంతకుముందు యాంటీబయాటిక్స్ ఏమైనా వాడావా?" అన్నాడు డాక్టరు.

"లేదు సార్," అన్నాడు తమ్ముడు, అక్క వంక చూడకుండా.

అక్క కాదని దిద్దలేదు. డాక్టరు ఆ మాట నమ్మి అరుదైన క్రిముల కోసం వెతుకులాట మొదలుపెట్టాడు. పశువుల నుంచి సోకినవేమోనని, ఇంట్లో పశువులున్నాయా అని కూడా అడిగాడు.

"కుర్చీలు తప్ప నాలుగు కాళ్ళవేవీ లేవు సార్," అన్నాడు తమ్ముడు. నర్సు నవ్వింది. అక్కకి నవ్వు రాలేదు.

చెబితే షాపు లైసెన్సు పోవచ్చు, వీధిలో తలెత్తుకోలేదు. చెప్పకపోతే తమ్ముడు దక్కకపోవచ్చు. ఇందులో ఆలోచించడానికేముందని మనకనిపిస్తుంది గానీ, ఆమెకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో తమ్ముడికి ఆయాసం పెరిగింది.

మూడోనాడు పొద్దున్నే డాక్టరు గదిలోకి వెళ్ళింది.

"వాడు అబద్ధం చెప్పాడండీ. మాత్రలు నేనే ఇచ్చాను."

మాత్ర పేరు, మోతాదు, ఎప్పుడెప్పుడు ఎన్నిచ్చిందీ ఏదీ దాచకుండా చెప్పింది. డాక్టరు తిట్టలేదు. తిడితేనే బాగుండుననిపించింది ఆమెకు.

"మూడు రోజుల మందుకి క్రిములు చావవమ్మా, పరీక్షకి దొరక్కుండా అణుగుతాయంతే. పంటి దగ్గర్నుంచి వచ్చిన మామూలు క్రిములే అయ్యుంటాయి. మందు మారుస్తాను. ఆరు వారాలు నరానికి ఇంజక్షన్లు చెయ్యాలి. వాల్వు దెబ్బతింది, ఆపరేషన్ కూడా అవసరం కావొచ్చు."

"బతుకుతాడాండీ?"

"నిన్నటికంటే ఇవాళ ఆశ ఎక్కువ. ఇలా పరీక్షలో ఏమీ తేలనివాళ్ళు ఈ ఏడాది నా వార్డులో తొమ్మిదిమంది. ముందు ఏం వాడారో వచ్చి చెప్పింది మీరొక్కరే."

"మిగతా ఎనిమిదిమంది?"

"ఐదుగురు ఇంటికెళ్ళారు."

తక్కిన ముగ్గురి సంగతి ఆమె అడగలేదు.

వార్డుకి తిరిగొచ్చేసరికి నర్సు సెలైన్‌లోకి కొత్త మందు ఎక్కిస్తోంది. తమ్ముడికి అర్థమైంది.

"చెప్పేశావా అక్కా?"

"చెప్పేశాను."

"మరి నీ షాపు?"

"పోతే పోనీరా."

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వేం బాధపడకు. నువ్విచ్చావు గనకే వేసుకున్నా. ఇంకెవరిచ్చినా వేసుకునేవాణ్ణా?"

ఓదార్చడానికే అన్నాడు. అప్పటిదాకా కన్నీటి చుక్క రానివ్వని అక్క, వార్డంతా చూస్తుండగా మంచం పట్టె పట్టుకుని భోరున ఏడ్చింది.