నిండు గిన్నె టీ

కజకిస్తాన్ మైదానంలోని ఆ యురేనియం గనిలో రెసిన్ పూసల సంగతి కుల్పాష్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. భూమిలోంచి తోడిన నీళ్లలో కరిగి ఉన్న యురేనియాన్ని ఆ పసుపుపచ్చని పూసలు పట్టుకుంటాయి. అవి పోసే నిలువు ట్యాంకుల్ని ఇరవై రెండేళ్లుగా ఆమే చూస్తోంది.

కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు మేదెత్ మాత్రం, "అంచుదాకా పోయించక్కా! పూసలు ఎక్కువైతే పట్టేదీ ఎక్కువేగా," అన్నాడు.

టీ వేళకి కుల్పాష్ అతని గిన్నె అంచుదాకా నింపి ముందు పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు నమలడం మానేశారు.

మేదెత్ మొహం మాడిపోయింది. లేవబోతూ అడిగాడు. "మనలో టీ నిండుగా పోశావంటే అతిథిని పొమ్మనేగా? నేనేం తప్పు చేశానక్కా?"

"నిన్ను కాదయ్యా, నువ్వే నీ పూసల్ని పొమ్మంటున్నావు! అడుగునుంచి నీళ్లు ఎగదన్నితే అవి పొంగుతాయి. పైన చోటు లేకపోతే పట్టిన యురేనియంతో సహా కాలవలో పడతాయి. అంత చదివావు, ఆమాత్రం తోచలేదూ?"

అతను గిన్నెలోకి చూశాడు. "సగమే పోయించు," అన్నాడు.

కుల్పాష్ ఆ టీలో సగం తన గిన్నెలోకి ఒంపుకుని, మిగతాది అతని చేతికిచ్చింది.

"ఇప్పుడు కూర్చో."